వనపర్తిలో ఆగిన కారు

గద్వాల,
ఆదివారం మధ్యాహ్నం

లోర్నా వదినకు,

నేను మీ రోవేనా అత్తను, రేణుకమ్మను. ఈ నాలుగేళ్లలో మనం ఫోన్లో ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. మీ భాష నాకు రాదు, నా భాష మీకు రాదు, మధ్యలో మీ అమ్మాయి ఉండేది. ఈసారి ఆమెను మధ్యలో పెట్టుకోలేను. ఈ ఉత్తరం తెచ్చిన అఖిలేష్ మా పక్క పెద్దమందడి ఊరి పిల్లవాడు. మీ ఊళ్లోనే డాక్టరు చదువుతున్నాడు, సెలవులకు వచ్చి రేపు తిరిగి బయలుదేరుతున్నాడు. బాబూ అఖిలేష్, రాసింది రాసినట్టు వదినకు చెప్పు. నా మీద జాలిపడి ఒక్క మాట కూడా మెత్తబెట్టకు.

వదినా, మీ అమ్మాయి తొమ్మిది రోజులుగా మా ఇంట్లో లేదు. వనపర్తిలో తన స్నేహితురాలు లీసా ఇంట్లో ఉంది. వెళ్లేలా చేసింది నేనే.

లీసా మీకు తెలుసు కదా, ఖతర్‌లో మా అబ్బాయి అరవింద్, మీ రోవేనా పనిచేసిన హోటల్లోనే పనిచేసి, వనపర్తి అబ్బాయి స్టీఫెన్‌ను చేసుకుని ఇక్కడికి వచ్చింది. నాగర్‌కర్నూల్ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి ఇంకా ముగ్గురు మీ దేశపు పిల్లలు కార్లేసుకుని లీసా ఇంటికి వస్తారు, అందరూ కలిసి వండుకు తింటారు. ఇల్లు వదలడానికి రెండు రోజుల ముందు, బుధవారం, రోవేనా అక్కడికే వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి, ఉప్పునుంతలలో మా పెద్దక్క పెంటమ్మ పోయిందని కబురు. పురిటికి వచ్చిన మా కూతురు సుష్మితను, మూడో నెల మనుమరాలిని ఇంట్లో వదిలి గురువారం తెల్లవారగానే అరవింద్, రోవేనా, నేను కారులో వెళ్లాం.

తిరిగి వచ్చేటప్పుడు వనపర్తిలో ఒక బేకరీ ముందు రోవేనా కారు ఆపించింది. "అత్తమ్మా, సీదా ఇంటికి పోవద్దు. జర దిగు, చాయ్ తాగి పోదాం" అంది. మా దగ్గర చావుకు పోయి వస్తే దారిలో ఎక్కడా కాలు పెట్టకూడదు. నేరుగా వచ్చి, బయటే తలస్నానం చేసి గడప దాటాలి. "నీకేమన్న తెలివున్నదా? మైలతోని హోటల్లకు పోతవా?" అని అరిచాను. అయినా వెళ్లింది. అరవింద్ కూడా ఆమె వెనకే వెళ్లాడు. రెండుసార్లు బయటికొచ్చి కారు అద్దం మీద కొట్టి, "నువ్వు గూడ దిగు అత్తమ్మా, ఐదు నిమిషాలే" అని బతిమాలింది. నేను అద్దం దించలేదు. ఎందుకు ఆగాలని అడగనైనా అడగలేదు.

ఇంటికొచ్చేసరికి పాప ఒళ్లు కాలిపోతోంది. తెల్లారినా తగ్గలేదు. వాడకట్టు ఆడవాళ్లందరి ముందు రోవేనాను పట్టుకుని, "దారిల ఆగి చావును ఎంబడి తెచ్చినవ్. పిల్లను ముట్టకు" అన్నాను. ఆమె ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. గంటలో సంచి సర్దుకుని బస్సెక్కింది.

ఇప్పుడు అసలు మాట. బుధవారం రోవేనా లీసా ఇంట్లో ఉన్నప్పుడు పాపకు సూదులు వేయించుకొచ్చింది నేనే. రెండు రోజులు జ్వరం వస్తుందని నర్సమ్మ చెప్పే పంపింది. "అది సూది జ్వరమే అమ్మా" అని సుష్మిత నా చెవిలో అంది కూడా. అంటే ఆ మాట అన్నప్పుడు నాకు తెలుసు వదినా. నా మాట కాదని బేకరీలోకి నడిచిందన్న కోపం కడుపులో ఉండిపోయింది, అంతే. శనివారానికి జ్వరం పోయింది. సూదుల సంగతి అరవింద్‌కు ఇంతవరకు చెప్పలేదు. "నువ్వన్న మాట నువ్వే సరిజేస్కో" అని సుష్మిత ముఖం తిప్పుకుంటోంది.

మగ్గానికి కండెలు చుడదామని కూర్చుంటే దారం తెగుతోంది. వీధిలో కారు చప్పుడైతే లేచి వెళ్తున్నాను. అరవింద్ రోజూ వనపర్తి పోయి వస్తాడు, నాతో పలకడు. మొన్న లోపల తన బట్టలు కూడా సర్దుతున్నాడేమోనని తలుపు సందులోంచి చూశాను. ఏం చెప్తే మీ అమ్మాయి తిరిగి వస్తుందో మీరే చెప్పాలి.

మీ
రేణుకమ్మ


దావావ్,
శుక్రవారం

రేణుకమ్మ గారికి,

అఖిలేష్ రెండుసార్లు చదివాడు. మెత్తబెట్టలేదు. నాకు చాలా కోపం వచ్చింది, ఆ మాట కూడా రాయమన్నాను.

మా దగ్గర చావింటి నుంచి ఎవరూ నేరుగా సొంత ఇంటికి వెళ్లరు. దారిలో ఒక అంగడిలోనో హోటల్లోనో కాసేపు ఆగుతారు. వెంట వచ్చిన చావు అక్కడ దారి తప్పుతుందని మా నమ్మకం. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఇంకా గట్టిగా పాటిస్తాం. రోవేనా ఆగింది మీ మనుమరాలి కోసం.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "అత్తమ్మ దిగలేదు" అంది. దాని లెక్క ప్రకారం చావును ఇంటికి తెచ్చింది మీరు. మర్నాడు మీరు తిట్టినప్పుడు ఆ మాటే నోటిదాకా వచ్చిందట. "పాపకు ఏమన్నా అయితే అత్తమ్మ ఆ బరువుతో బతకలేదు. అందరూ నన్నే అనుకోనీ" అంది. అక్కడే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కోపంలో అనేస్తానని భయపడి వెళ్లిపోయింది.

సూదుల సంగతి నేను దానికి చెప్పలేదు. అది మీరు చెప్పాల్సింది.

లోర్నా
ఆమె చెప్పగా రాసి ఫోన్లో పంపింది అఖిలేష్


గద్వాల,
శనివారం

వదినా,

మీ ఉత్తరం ఫోన్లో వచ్చిన రెండో రోజే, పోయిన ఆదివారం, ఎవరికీ చెప్పకుండా వనపర్తి బస్సెక్కాను. గంటన్నర దారిలో ఏం చెప్పాలో వరుసగా పెట్టుకున్నాను. బస్‌స్టాండులో దిగేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

లీసా ఇంట్లో బల్ల నిండా అరిటాకులు పరిచి అన్నం, చేపలు, కోడి అన్నీ కుప్ప పోశారు. మీ పిల్లలు, వాళ్ల మొగుళ్లు చుట్టూ చేరి అందులోనే చేతులు పెట్టి తింటున్నారు. నన్ను చూడగానే రోవేనా ముఖం పాలిపోయింది. "అత్తమ్మా, పాపకేమైంది?" అంది. వదినా, ఆ ప్రశ్నకే నేను సగం చచ్చిపోయాను.

"పాప మంచిగున్నది. అది సూది జ్వరం బిడ్డా. బుధవారమే ఏయించిన. నాకు ఎరుకే, ఎరుకుండే నిన్ను అన్న." అందరూ వింటుండగానే అన్నాను. ఆమెను తిట్టింది కూడా నలుగురి ముందే కదా.

"సూదా?" అంటూ కుర్చీలో కూలబడింది. "ఇన్ని దినాలు నీ కోసం భయపడ్డ అత్తమ్మా! రాత్రి నిద్ర లేదు నాకు!" అని మొదలుపెట్టి, తర్వాత మీ భాషలోకి దిగి, ఎంతసేపు తిట్టిందో. స్టీఫెన్‌కు ఎటు చూడాలో తెలియలేదు. నాకంటే ముందే అక్కడికి వచ్చి ఉన్న అరవింద్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా నాకు రావాల్సిందేనని పూర్తిగా విన్నాను. చివరికి ఆయాసపడుతూ పక్కకు జరిగి నాకు చోటు చేసింది.

మా ఇంట్లో ఒకరి ఆకులో ఇంకొకరు చెయ్యి పెడితే ఎంగిలి. అబద్ధమెందుకు, మొదటి రెండు ముద్దల దాకా ఆ సంగతి గుర్తుంది.

తిన్నాక "ఇంటికి పోదామా" అన్నాను. "ఇయ్యాల రాను" అంది. ఎప్పుడని అడిగే ధైర్యం చాలక ఒక్కదాన్నే బస్సెక్కాను. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. ఫోన్ చేద్దామని తీసి మళ్లీ పెట్టేశాను. బుధవారం వాన పడితే, బస్సులు నడుస్తున్నాయా లేదా అని మా ఆయనను నాలుగుసార్లు అడిగాను.

ఈ ఉత్తరం రాసింది నేనే. కవరు మీద మీ చిరునామా రాయడం మాత్రం నాకు రాదు. పాపను నా ఒళ్లో పడుకోబెట్టి, కలం అందుకుని ఆ పని చేసింది ఎవరో రాత చూస్తే మీకే తెలుస్తుంది.

మీ వదిన
రేణుకమ్మ