పక్క వాటా బల్బు

గుడివాడ,
నవంబరు 4

శ్రీ సీమోను గారికి, పక్క వాటా నాగభూషణరావు వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మీ ఇంట్లో అందరూ క్షేమమేనని పొద్దున్న గోడ అవతల కుక్కరు వేసిన విజిళ్లను బట్టి గ్రహించాను. మన రెండు వాటాలకూ రెండేళ్లుగా మాటల్లేవు. కారణం మీకే తెలియాలి, నేనైతే ఎవరినీ ఏమీ అనలేదు. మాటల్లేవు కాబట్టి మీ గుమ్మంలోకి రాలేను. ఫోన్ చేస్తే మాట్లాడినట్టే అవుతుంది. అందుకని పోస్టాఫీసుకు వెళ్లి కవరు కొన్నాను.

విషయం వరండా దీపం గురించి. మొన్నటి వానలకు పాత వైరు కాలిపోతే, ఓనరుగారు చెప్పగా ఎలక్ట్రీషియన్ గంగరాజు వచ్చి మన రెండు వరండాలకూ కొత్త వైరు లాగాడు. మీరప్పుడు చేపల లారీ మీద హౌరా వెళ్లారు. పనంతా నా పర్యవేక్షణలోనే జరిగింది. "ఒక్కో బల్బుకీ మెయిన్ నుంచి రెండేసి తీగలెందుకయ్యా దండగ, మా బల్బు మీదుగా వాళ్ల బల్బుకి లాగెయ్" అని చెప్పి బోలెడు వైరు మిగిల్చాను. అతనేదో గొణిగాడు. ముప్పై మూడేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాడికి నువ్వు చెప్పొద్దన్నాను.

ఆ రోజు నుంచి నా బల్బు సరిగ్గా వెలగడం లేదు. అరవై వాట్లని పేరే గాని పేపరు మీద హెడ్డింగు తప్ప ఏమీ కనపడదు. పైగా మీ వైపు స్విచ్ వేసేదాకా అసలు వెలగదు. మీ వాళ్లు ఆలస్యంగా వేస్తే అందాకా నేను చీకట్లో దోమలు కొట్టుకుంటూ కూర్చోవాలి. నా కరెంటును మీ వైపు లాగే ఏర్పాటేదో మీరు చేశారని నా అనుమానం. పెద్దమనిషిగా అడుగుతున్నాను, తీసెయ్యండి.

ఇట్లు,
జె. నాగభూషణరావు,
రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్

తా.క. ఇంటి నంబరు ఒకటే కాబట్టి పోస్ట్‌మ్యాన్ ఈ కవరు నాకే ఇచ్చే ప్రమాదం ఉంది. కవరు మీద 'ఎడమ గుమ్మం' అని రాశాను.

*

గుడివాడ,
నవంబరు 8

మాస్టారు గారికి వందనాలు.

మీ ఉత్తరం అందింది. పోస్ట్‌మ్యాన్ రెండు గుమ్మాలకూ మధ్య నిలబడి కాసేపు ఆలోచించి ఇచ్చాడు.

మేము ఏ ఏర్పాటూ చెయ్యలేదండీ. మా బల్బూ మీ బల్బులాగే గుడ్డిగా వెలుగుతోంది. మీరు స్విచ్ ఆపితే మాదీ ఆరిపోతోంది. మీరు తొమ్మిదింటికి ఆపేసి పడుకుంటారు కాబట్టి మేమూ తొమ్మిది తరవాత వరండాలోకి రావడం మానేశాం. మా ఇంట్లో సంతోషమ్మకు మొన్ననే కంటి ఆపరేషన్ అయింది. రోజూ సాయంత్రం ప్రార్థనకు వెళ్లి ఏడింటికి వస్తుంది. మెట్ల మీద వెలుగు లేకపోతే తనకు కష్టం. మాకూ దీపం కావాలండీ, ఆర్పే సరదా లేదు.

రెండు బల్బులు. ఒకటి ఆపితే రెండోదీ ఆరుతుంది. రెండూ సగం వెలుగే ఇస్తాయి. ఎందుకంటారు? తమరు ఫిజిక్స్ కదా, చెప్పండి.

మాటలు ఎందుకు ఆగాయో మా ఇంట్లో ఒకరికి తెలుసు. వేరే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
పక్క వాటా నుంచి

తా.క. మా బల్బు కూడా అరవై వాట్లే. ఏ లెక్కకైనా పనికొస్తుందని చెబుతున్నాను.

*

గుడివాడ,
నవంబరు 12

సీమోను గారికి,

'తమరు ఫిజిక్స్ కదా' అన్న మాటలో వెటకారం నాకు తెలియకపోలేదు. డ్రైవింగ్ గురించి నేను మిమ్మల్ని అడిగానా?

అయినా చెబుతున్నాను. ఇది లో వోల్టేజీ. ఈ పేటలో ఎప్పుడూ ఉన్నదే. లో వోల్టేజీకి మందు పెద్ద బల్బు. నిన్న వంద వాట్ల బల్బు తెచ్చి వేశాను. ఏమైందో మీకు తెలుసు. నా బల్బు ఇంకా తగ్గి బీడీ కొసలాగా ఎర్రగా మిగిలింది. మీ అరవై మాత్రం పెళ్లివారి పందిరిలాగా వెలిగింది. గోడ పైనుంచి వెలుగు జామచెట్టు మీద పడుతుంటే చూశాను. డబ్బులు పెట్టి బల్బు కొన్నది నేను, వెలుగు మీది. దీన్ని ఏమంటారు? మా రోజుల్లో దొంగతనం అనేవారు.

వేరే ఉత్తరంలో రాస్తానన్నది కూడా ఇందులోనే రాసెయ్యాల్సింది. కవరు ఆదా అయ్యేది.

ఇట్లు,
జె. నాగభూషణరావు

తా.క. మీ దస్తూరి ఇంత గుండ్రంగా ఉంటుందని నాకు తెలియదు. ఆ ఒక్క విషయానికి అభినందనలు.

*

గుడివాడ,
నవంబరు 15

మాస్టారు గారికి వందనాలు.

వంద వాట్ల బల్బు వేసినందుకు చాలా కృతజ్ఞతలండీ. మా మెట్లు మూడూ శుభ్రంగా కనపడుతున్నాయి. సంతోషమ్మ మీ పేరు చెప్పి ప్రార్థన కూడా చేసింది. ఇంకా పెద్దది దొరికితే వెయ్యండి, మాకు ఇంకా బాగుంటుంది. ఇది వెటకారం కాదు, లెక్క.

ఇక మాటల సంగతి. రెండేళ్ల కిందట మీ వరండాలో ట్యూషన్ జరుగుతున్నప్పుడు మా నిస్సీ మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. సిరీస్‌లో చిన్న బల్బూ పెద్ద బల్బూ పెడితే ఏది ఎక్కువ వెలుగుతుందని. పెద్దదే, వాట్లంటే అర్థం అదేగా అన్నారు మీరు. కాదేమో సార్ అంది. మీకు కోపం వచ్చింది. "నీకు ఫిజిక్స్ రాదు. మీ నాన్నతో కుట్టుమిషను కొనిపించుకో" అన్నారు, మిగతా ఐదుగురు పిల్లలూ వింటుండగా. మర్నాటి నుంచి నిస్సీ ట్యూషన్‌కి రాలేదు. ఆ పిల్లలు నవ్విన నవ్వు తనకు ఇంకా గుర్తుంది. మీకు గుర్తు లేదంటే నమ్ముతాను. అన్నవాళ్లకు గుర్తుండదు.

ఇట్లు,
పక్క వాటా నుంచి

తా.క. కుట్టుమిషను కొనలేదండీ. నిస్సీ బందరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో చిరిగిన బట్టలు మాత్రం అలాగే ఉన్నాయి.

*

గుడివాడ,
నవంబరు 19

సీమోను గారికి,

లెక్చరరన్నవాడు రోజుకు వంద మాటలంటాడు. పిల్లలు బాగుపడాలనే అంటాడు. ఒక్క మాట పట్టుకుని రెండేళ్లు ముఖం తిప్పుకుంటే ఈ దేశంలో చదువు చెప్పేవాడు మిగలడు. ఆ పిల్ల పాలిటెక్నిక్‌లో చేరిందంటే సంతోషమే. నా కోపమే పని చేసిందేమో ఆలోచించండి.

ఇక దీపం. కోడిపిల్లల ఫారాల్లో వాడే రెండొందల వాట్ల బల్బు తెప్పించి వేశాను. నా వైపు పూర్తిగా చీకటి. మీ వైపు పట్టపగలు. ఇంక మీకు ధర్మం చెయ్యడం నా వల్ల కాదని, ఈ రోజు మధ్యాహ్నం తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు కొన్నాను. సాయంత్రం మీ వాళ్లు స్విచ్ వేసి ప్రార్థనకు వెళ్లగానే వెలిగింది చూడండి. వరండాలో సూది పడినా దొరుకుతుంది. మీ వైపు చూస్తే ఒక్క చుక్క వెలుగు లేదు. ఇన్నాళ్లకు నా కరెంటు నాకు దక్కింది.

ఈ కవరు డబ్బాలో వేసి చల్లపల్లి మా అక్కయ్యగారింటికి వెళ్తున్నాను. నాలుగు రోజులు ఉండను. దొంగల భయం కొద్దీ దీపం వేసే ఉంచుతున్నాను.

ఇట్లు,
జె. నాగభూషణరావు

తా.క. నేను లేని నాలుగు రోజులూ మీ స్విచ్ మాత్రం ఆపకండి. ఎందుకో మీది ఆపితే నాదీ ఆరిపోతోంది.

*

గుడివాడ,
నవంబరు 21

మాస్టారు గారికి,

మీరు ఊరెళ్లిన సాయంత్రమే సంతోషమ్మ ప్రార్థన నుంచి వస్తూ మా మెట్ల మీద పడింది. స్విచ్ వేసే వెళ్లింది కాబట్టి దీపం ఉంటుందనుకుంది. లేదు. రెండో మెట్టు అనుకుని పక్కన గాలిలో అడుగు వేసింది. కుడిచెయ్యి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టారు. ఆరు వారాలు కదపకూడదన్నారు. నాగాయలంక నుంచి వాళ్ల చెల్లెలు వచ్చి వంట చేస్తోంది.

మీ ఉత్తరం ఈ రోజు అందింది.

పక్క వాటా నుంచి

తా.క. ఈసారి మిమ్మల్ని అడిగే ప్రశ్నలేమీ లేవండీ.

*

గుడివాడ,
నవంబరు 24

సీమోను గారికి నమస్కారాలతో నాగభూషణరావు వ్రాయునది.

నిన్న చల్లపల్లి నుంచి వచ్చి తలుపు తీస్తే కాళ్ల దగ్గర మీ ఉత్తరం ఉంది. నిలబడి చదివి, వరండాలోకి వచ్చి కూర్చున్నాను. నా దీపం వెలుగుతూనే ఉంది. దాన్ని చూస్తుంటే సిగ్గేసింది.

ట్యూషన్ పలక తీసి, గంగరాజు చేత నేను లాగించిన తీగ ఎటు వెళ్లిందో గీశాను. మెయిన్ నుంచి నా బల్బుకి, నా బల్బులోంచి మీ బల్బుకి, అక్కడి నుంచి వెనక్కి. సీమోను గారూ, ఇది సిరీస్. ఇంట్లో దీపాలు పారలల్‌లో ఉండాలి. అంటే ఎవరి బల్బుకు వారివి వేరే రెండు తీగలు, ఎవరికి వారికి పూర్తిగా రెండొందల ముప్పై వోల్టులు. నేను నాలుగు గజాల వైరు మిగుల్చుకుందామని రెండిళ్లనూ ఒకే దారానికి గుచ్చాను. ఆ దారంలో ఎక్కడ తెగినా ఇద్దరికీ చీకటే. రెండింటిలోనూ పారే కరెంటు ఒకటే, వోల్టులు మాత్రం పంచుకోవాలి. ఆ పంపకంలో రెసిస్టెన్స్ ఎక్కువున్న బల్బుకు పెద్ద భాగం వెళ్తుంది. రెసిస్టెన్స్ ఎక్కువుండేది తక్కువ వాట్ల బల్బుకే. నేను బల్బు పెంచినకొద్దీ వెలుగు మీకు వచ్చింది అందుకే. ఎల్‌ఈడీ అయితే వోల్టులన్నీ దాదాపు తానే తీసుకుని మీకేమీ మిగల్చలేదు. మీరు దొంగిలించిందేమీ లేదు. దొంగతనం నేను చేశాను, అదీ కళ్లు సరిగ్గా కనపడని మనిషి దగ్గర.

ముప్పై మూడేళ్లు ఈ బొమ్మ బోర్డు మీద గీశాను. నా ఇంటి గోడ మీద ఉంటే గుర్తుపట్టలేకపోయాను. లెక్కలో తప్పు పక్కవాడి బుద్ధిలో ఉంటుందనుకున్నాను గాని తీగలో ఉంటుందని నాకు తోచలేదు.

పలక మీద చివరి గీత గీశాక గుర్తొచ్చింది. నిస్సీ ఆ రోజు అడిగింది ఇదే. చిన్న బల్బే ఎక్కువ వెలుగుతుందేమో సార్ అంది. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు గుర్తు లేకపోలేదు, గుర్తు లేనట్టు ఉండటం అలవాటైంది. జవాబు అప్పటికప్పుడు తోచక కోపం తెచ్చుకున్నాను. ఆ పిల్ల చెప్పిందే రైటు. నేను చెప్పింది తప్పు. ఈ వాక్యం రాయడానికి రెండేళ్లూ ఒక చెయ్యీ పట్టింది. అందుకు నన్ను నేను క్షమించుకోలేను.

ఆదివారం మీ గుమ్మానికి వస్తాను. తలుపు తియ్యకపోతే వెళ్లిపోతాను, తప్పు పట్టను.

ఇట్లు,
నాగభూషణరావు

తా.క. ఎల్‌ఈడీ తీసేసి రెండొందల వాట్లది మళ్లీ వేశాను. మీ మెట్ల మీద వెలుగు బాగానే పడుతోంది. నా వైపు చీకటే, ఉండనీయండి. పేపర్లో ఎలాగూ మంచి వార్తలేమీ లేవు.

*

గుడివాడ,
నవంబరు 27

పూజ్యులు మాస్టారు గారికి నిస్సీ వందనాలు.

ఇన్నాళ్లూ ఉత్తరాలు రాసింది నేనండీ. నాన్న ఒక్కటీ చూడలేదు. ఆయన హౌరా నుంచి వచ్చి, రెండు రోజులు పడుకుని, మళ్లీ వెళ్తారు. మీ మొదటి కవరు వచ్చినప్పుడు ఇంట్లో నేనే ఉన్నాను. కింద 'పక్క వాటా నుంచి' అని రాస్తే అబద్ధం కాదులే అనుకున్నాను.

మాటలు ఎందుకు ఆగాయో నాన్నకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నేను ఏడుస్తూ వచ్చాను, ఎందుకో చెప్పలేదు. మాస్టారికి మనమీద కోపం వచ్చిందనుకుని ఆయనే తప్పుకున్నారు. "మనం ఏం తప్పు చేశామే" అని లారీ ఎక్కేముందు ఎన్నోసార్లు అడిగారు. నేను పుస్తకం తిప్పుతూ కూర్చున్నాను.

ఇది సిరీస్ అని నాకు మొదటి సాయంత్రమే తెలుసు. మాకు అది మొదటి సెమిస్టర్‌లోనే ల్యాబులో చేయిస్తారు. సరిచెయ్యడానికి పది నిమిషాల పని, కాస్త వైరు. ఆ వైరు ఆ వారమే బందరులో కొన్నాను. అప్పటి నుంచి నా కాలేజీ బ్యాగులోనే ఉంది. రోజూ దాన్ని మోసుకుని రైలెక్కాను, మోసుకుని దిగాను. బయటికి తియ్యలేదు. మీరే కనిపెట్టాలి, నిస్సీ చెప్పిందే రైటని మీ చేత్తో రాయాలి, అప్పుడు తీద్దామనుకున్నాను. మీరు వందా రెండొందలూ కొంటుంటే ఇంట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మెట్ల మీద వెలుగు వస్తోంది కదా, ఇంకో వారం ఆడుకుందామనుకున్నాను.

ఎల్‌ఈడీ వేస్తారని అనుకోలేదు. ఆ రోజు ప్రాక్టికల్స్ ఆలస్యమై నేను వచ్చేసరికి అమ్మను ఆటోలో ఎక్కిస్తున్నారు. వైరు నా భుజం మీదే ఉంది.

మీరు రాసిన వాక్యం వచ్చింది మాస్టారూ. నాలుగుసార్లు చదివాను. సంతోషం రాలేదు. అమ్మ చెయ్యి మీ వల్ల విరిగిందని రాశారు. మీకు తెలియక చేశారు. నేను తెలిసి ఊరుకున్నాను. అమ్మ కట్టు కట్టించుకుని వచ్చి నాతో ఏమందో తెలుసా? "మన బల్బు పోయినట్టుంది, కొత్తది వెయ్యి, మాస్టారి మెట్ల మీద కూడా ఆ వెలుగు పడుతుంది" అంది.

ఆదివారం తప్పకుండా రండి. నాన్న ఊళ్లోనే ఉంటారు. ఈ సంగతి అమ్మకూ నాన్నకూ నేనే చెప్పాలి. మూడు రోజులుగా మొదలుపెడుతున్నాను, నోరు రావడం లేదు. చెప్పేటప్పుడు మీరు పక్కన కూర్చోండి. ఏమీ మాట్లాడక్కర్లేదు, ఉంటే చాలు.

ఇట్లు,
నిస్సీ

తా.క. ముందు వైరు పని చేసేద్దాం, తరవాత చెబుతాను. ఉమ్మడి మెయిన్ మీ వరండాలో ఉంది. నేను స్టూలు ఎక్కేముందు మీరు దాన్ని ఆపి, చెయ్యి దాని మీదే ఉంచి నిలబడండి. నేను దిగి చెప్పేదాకా మళ్లీ వెయ్యకండి.