పోయిన కార్డులో చెప్పిన మేత

అమ్మా,

నేను కులాసాగానే ఉన్నాను, బాగోలేనిది ఇక్కడ మా కాలేజీ పాల డెయిరీలో ఒక ఆవు. మా పాఠం పుస్తకంలోని మేత తూకం ప్రకారం నాకప్పగించిన రెండు ఆవులకూ పొద్దున్నే పచ్చిమేత వేశాను. ఒకటి నిక్షేపంలా ఉంది, రెండోది డొక్క ఉబ్బి లేవలేకపోయింది. పాలు పితికే తాత, "ఆ పుస్తకం ఆవు కూడా చదివిందా అమ్మాయ్?" అన్నాడు. పశువుల డాక్టరుగారు మందు పట్టాక సాయంత్రానికి నెమరు వేసింది. తప్పు తూకానిదో నాదో తెలియడం లేదు. నువ్వు ముందు ఎండుగడ్డి వేసి, తర్వాతే పచ్చిది వేస్తావు కదా, ఎందుకు? నేనెప్పుడూ అడగలేదు. ఇది చదివిపెట్టినవారి చేతే జవాబు రాయించు. నాన్న దగ్గు తగ్గిందా? నా పాత దుప్పటి పంపు. పోయిన కార్డులో ఆ పుస్తకం చూసే మన చూడి ఆవుకి ఎండుగడ్డి మానేయమన్నాను. మానేసి ఉంటే ఈ పూటే మళ్ళీ వెయ్యి. నాన్నకు నమస్కారాలు. ఆవుని నా బదులు ఒకసారి నిమురు.

నీ కూతురు