ఉన్నదున్నట్టు అచ్చైన బడి

హెడ్మాస్టరమ్మ గారికి నమస్కారాలతో,

ఈ ఏడాది నుంచి రాష్ట్రంలో ఎవరైనా తమ పిల్లల్ని నచ్చిన సర్కారు బడిలో చేర్చుకోవచ్చు. అందుకని బడికో పేజీ చొప్పున ఎంపిక పుస్తకం వేస్తున్నాం. మీ బడి గురించి ఆకర్షణీయంగా రాసి పంపండి. ముప్పైమంది కూడా ఎంచుకోని బడిని మూసేస్తారట.

ఇట్లు,
ఎంపిక పుస్తకం ఆఫీసరు

తా.క. "ఆకర్షణీయంగా" అన్నది పైవాళ్ళ మాట. నన్ను తిట్టుకోకండి.

*

ఆఫీసరు గారికి, వయసులో పెద్దదాన్ని కాబట్టి ఆశీస్సులు,

ఆకర్షణీయంగా ఏం రాయను బాబూ, నా తలకాయ! ఉన్నదే పంతొమ్మిదిమంది పిల్లలు. వానొస్తే రెండో గది కురుస్తుంది, అందరం మొదటి గదిలో ఇరుక్కుంటాం. లెక్కల మాస్టారికి ముక్కు మీద కోపం. కానీ లెక్క అర్థమయ్యేదాకా పిల్లల్ని ఇంటికి పంపడు, తనూ వెళ్ళడు. ఇంగ్లీషు టీచరుకి పిల్లలంటే ప్రాణం, ఇంగ్లీషంటే కాస్త భయం. ఆవిడా పిల్లలూ కలిసే నేర్చుకుంటున్నారు. ఈ బడి మూతపడితే నేను తట్టుకోలేను బాబూ, ఇరవై ఆరేళ్ళుగా ఇదే నా ఇల్లు.

ఇదంతా మీకు మాత్రమే. మంచి పేజీ ఒకటి రాయించి రేపటి టపాలో పంపుతాను.

ఇట్లు,
హెడ్మాస్టరమ్మ

తా.క. మా సైన్సు బీరువాలో అస్థిపంజరానికి ఒక చెయ్యి లేదు. పిల్లలు దాన్ని "ఇన్‌స్పెక్టరు గారు" అంటారు. ఎవరితోనూ అనకండి.

*

హెడ్మాస్టరమ్మ గారికి,

పుస్తకం అచ్చయి ఇంటింటికీ వెళ్ళిపోయింది. మీ ఉత్తరం ఎంతో బాగుంది. తా.క.తో సహా రాసింది రాసినట్టే వేశాం.

ఇట్లు,
ఆఫీసరు

తా.క. ఇన్‌స్పెక్టరు గారు కూడా చదివారు. సోమవారం మీ బడికి వస్తున్నారు. రెండు చేతులతోనే.

*

ఓరి నాయనా!

నా కొంప ముంచావు కదయ్యా! నేను నీకేం అన్యాయం చేశాను? నేను పంపిన మంచి పేజీ ఏం చేశావు? లెక్కల మాస్టారు సుద్దముక్క నా మీదకి విసిరినంత పని చేశాడు. ఇంగ్లీషు టీచరు ఒకటే ఏడుపు, అదీ ఇంగ్లీషులో. ఇక ఈ బడికి ఎవరొస్తారు?

ఇట్లు,
ఇంకెన్నాళ్ళు హెడ్మాస్టరమ్మనో తెలియని నేను

తా.క. గేటు దగ్గర ఏదో గోల. కిటికీలోంచి చూస్తే జనం! అందరి చేతుల్లోనూ ఆ పుస్తకమే. కొట్టడానికే వచ్చినట్టున్నారు. ఇక్కడితో ఆపుతున్నా.

*

అమ్మా,

వాళ్ళు వచ్చింది కొట్టడానికి కాదు, చేర్పించడానికని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. తొంభై సీట్లకి రెండొందల నలభై దరఖాస్తులు! మీ బడికి ఇక ఢోకా లేదు. ఎందుకు ఎంచుకున్నారన్న గడిలో చాలామంది రాసింది ఒకటే మాట: "వీళ్ళు అబద్ధమాడరు."

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మీ మంచి పేజీ సమయానికే అందింది. నా బల్ల సొరుగులో ఉంది. "అత్యుత్తమ బోధన, ఆహ్లాదకర వాతావరణం" అన్న పేజీలు అప్పటికే ఆరొందలు చదివి ఉన్నాను. మా అమ్మాయికీ బడి వెతుకుతున్నాను. పాఠం ఎవరు చెప్తారో, ఎలా చెప్తారో నాకు చెప్పింది మీ ఉత్తరం ఒక్కటే. మిమ్మల్ని అడగకుండా వేసేశాను, క్షమించండి. మా అమ్మాయి దరఖాస్తు కూడా మీ బడికే పెట్టాను.

ఇట్లు,
ఆఫీసరు, ఒక పిల్ల తండ్రి

తా.క. సీట్లకి మించి దరఖాస్తులొస్తే చీటీలు తీయాలని రూలు. నిన్న అందరి ముందూ తీశాం. మా అమ్మాయి పేరు రాలేదు. అప్పట్నుంచి ఇంట్లో నన్ను పలకరించే దిక్కు లేదు. చీటీలు తీసింది నేనే.