గడ్డకు పట్టిన గొడుగు

ఫిల్మ్‌నగర్

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి నా ఒక్కడి క్షేమమే రాయగలను. నువ్వు పురుడు పోయడానికి వెళ్లిన బాపట్లలో లాస్యక్క, పసిపాప కులాసా అని తలుస్తాను. ఫోనులో నీ గొంతు వింటే మళ్లీ అబద్ధమాడతాను. అందుకే ఈ ఉత్తరం.

నాన్నకు మునగాకు పెట్టొచ్చా అన్నావు. తిండికి అడ్డు లేదన్నారు డాక్టర్ హైమగారు. పెడుతున్నాను, రెండు ముద్దలకు మించి మింగలేకపోతున్నారు. ముప్పై ఏళ్లు విలన్ అనుచరుల చావుకేకలన్నీ డబ్బింగ్‌లో వేసిన మనిషి, ఇప్పుడు మంచినీళ్లకు చీటీ రాస్తున్నారు. చెక్‌పోస్టు దగ్గర కొత్త హోర్డింగ్ కట్టారు. ఆ సినిమాలో ఎనిమిది మంది నాన్న గొంతుతోనే చస్తారు. నాన్నను చూడ్డానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు!

ఇరవై రోజులు రేడియేషన్ కరెంటు పెట్టించినా నాన్న గొంతులో గడ్డ ఎందుకు కరగలేదని అడిగావు. మొన్న నాన్న సంచిలోంచి విటమిన్-ఈ మాత్రల సీసా జారిపడింది.

"గివి ఎవరిచ్చిండ్రు?" అన్నారు డాక్టరుగారు.

"నేనే. మీ కిరణాలు ఒళ్లు కాల్చేస్తుంటే కాపాడుకోవద్దా?" అని అరిచాను.

"జర ఆగు తమ్ముడూ. గా కిరణాలు గడ్డ కణంల ఉన్న ఇనుముతోటే దాని కొవ్వు పొరకు తుప్పు పట్టిస్తయి. పొర పగిలి కణం చస్తది. కణం చచ్చే దార్లల్ల గదొకటి. నీ గోళీలు గా తుప్పునే ఆపుతయి. గందుకే కరగలేదా అంటే ఖాయంగ చెప్పలేను. గానీ గడ్డకు గొడుగు పట్టినవ్."

అమ్మా, ఆ మాత్రలు కిరణాల నుంచి కాపాడతాయని ఒక కరపత్రంలో చదివాను. చదివి ఊరుకోలేదు. నా పేరుతో ఐదువందల కాపీలు అచ్చేయించి కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులకు పంచాను. ఆసుపత్రి ఫారంలో 'వేరే మందులు వాడుతున్నారా?' అన్నచోట 'లేదు' అని రాసింది నేనే. "చెబితే ఆపేయిస్తారు, ఊరుకో నాన్నా" అన్నదీ నేనే. వైద్యం వ్యాపారమైందని ఇప్పటికీ అంటాను. కానీ ఆ కోపం తీర్చుకోవడానికి నాకు నాన్న గొంతే దొరికింది.

నిన్నటి నుంచి మాత్రలు ఆపేశాం. నాన్న పాత డైలాగు కాగితం వెనక రాసిచ్చారు: "నేనే కొనుక్కున్నానని అమ్మకు రాయి. నేను పోయాక నీ మీద కోపంతో అది బతకలేదు."

ఆ చీటీ ఇందులోనే పెడుతున్నాను. ముప్పై ఏళ్లు ఊరందరి చావులకూ గొంతిచ్చారు. నా తప్పుకు ఇవ్వనివ్వను.

ఇట్లు,
నువ్వు ఏం తిట్టినా పడాల్సిన నీ కొడుకు,
విహారి