కాలువ నీళ్ల సీసా

సారుకి దండాలు.

మీకాడ సివిల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ సదువుతన్న అనూరాధ నాన్నని. సేపల బోటు నాది. ఐదో క్లాసుతో బడి మానీసినోణ్ణి. తప్పులుంటే నవ్వుకోండి గానీ సగంలో ఆపకండి.

దాని ప్రాజెక్టుకి హార్బర్‌కాడ మురుగు కాలువ నీళ్లు పట్టి తెమ్మంది. నాను ఎగతాళికి సీసాలో మా ఇంటి కుళాయి నీళ్లు పోసిచ్చాను. మిషన్లో పెట్టగానే కనిపెట్టి, “ఏటి నాన్నా నీ యేషాలు!” అని తిడతాదనుకున్నాను. అది తిట్టలేదు సారూ. నాన్న తెచ్చిన నీళ్లు కదాని నమ్మి, వచ్చిన లెక్క వచ్చినట్టే రాసీసింది.

అవి దొంగ లెక్కలని మీరు ప్రాజెక్టు కొట్టీసారంట. “మా నాన్న తెచ్చాడు, తప్పుండదు” అని మీతో వాదించిందంట. రెండ్రోజులై అన్నం ముట్టలేదు. నిన్న నిజం సెప్పీసాను. “ఇది కూడా ఎగతాళేనా నాన్నా?” అని అటు తిరిగి పడుకుంది.

మా పేటలో నా మాటెవరూ నమ్మరు. మీరైనా నమ్మండి, మీ కాళ్లట్టుకుంటాను. తప్పు నాది, దాని సదువు ఆపకండి. దాన్ని మళ్లీ నీళ్లు పట్టనివ్వండి, పక్కన మీరే నిలబడండి.

ఈ ఉత్తరంతో అసలు కాలువ నీళ్లు ఒక సీసా పంపుతన్నాను. సీసా కొంచెం దూరంగా పెట్టి మూత తీయండి సారూ. ఈసారి ఎగతాళి కాదని వాసనే సెప్తాది.

అనూరాధ నాన్న