అడుగున ఒక పల్లీ

నవంబర్ 8, శనివారం

చిన్నది గోరి మళ్ళీ అడిగింది. అమ్మ చేసే బ్రెడ్డే కావాలట, బేకరీది వద్దట. కవిత పోయినప్పటి నుంచి ఆ బ్రెడ్ టిన్ను అటక మీదే ఉంది. రేపు చేద్దామన్నాను. మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, విజిల్, గ్యాస్కెట్ తీసేసి చేసేది. నాకు తెలిసింది అంతే.

నవంబర్ 9, ఆదివారం, ఉదయం

పిల్లలకు చేతులు కడిగించాను. గోరికి ఐదేళ్ళు. మైదా గిన్నెలో కన్నా దాని ముఖం మీదే ఎక్కువ. పాలు కాగుతుంటే వాటిలోనే ఈస్ట్ వేశాను. గిట్ల కాదు నాన్నా, అమ్మ వేలు పెట్టి చూసేది, అంది పెద్దది లిఖిత. నాకు తెల్వదా అని కసిరాను. బీఎస్సీ బీజెడ్‌సీ చదివినవాణ్ని.

మధ్యాహ్నం మూడు

పొంగలేదు. ఇటుక. పిల్లలు పక్కింటి జంపక్కతో మేకల వెంట పోయారు. బ్రెడ్ చేస్తున్నామని గోరి పొద్దుటే వాడంతా చెప్పి వచ్చింది. ఇటుకను గోడ మీదుగా జంపక్క దొడ్లో పడేశాను. బండి తీసి పినపాకలో జావీద్ బేకరీకి పోయాను. కోయని బ్రెడ్ అడిగాను, కవర్ వద్దన్నాను. ఏంది సారూ, ఎవల్ని మోసం జేస్తున్రు అని నవ్వాడు. నేనూ నవ్వాను. తెచ్చి టిన్నులో పెట్టాను.

సాయంత్రం

అక్కా, ఎంత పొంగిందో సూడు, అని గోరి గంతులేసింది. ముక్కలు కోశాను. ఒక్కో ముక్కనూ తిరగేసి చూసి, పల్లీ ఏది అంది. ఏ పల్లీ అన్నాను.

పొద్దున నేను బయట ఫోన్‌లో ఉన్నప్పుడు, టిన్నులో పిండి పెడుతూ లిఖిత అడుగున ఒక పల్లీ గుచ్చిందట. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఆ రాత్రి అమ్మ పక్కన పడుకోవాలి. కవిత పెట్టిన ఆట. నాకు తెలియదు. ఇప్పుడు అమ్మ లేదు కాబట్టి అమ్మ దిండు మీదట.

లిఖిత ముక్కను వాసన చూసింది. నన్ను చూసింది. నేనే పెట్టుడు మర్చిపోయిన చెల్లీ, అంది.

గోరి అక్కను కొట్టింది. లిఖిత కొట్టించుకుంది. ఆ మాత్రం గుర్తుండొద్దా అని నేనూ అన్నాను.

అన్నాను.

నవంబర్ 10

లిఖితకు జడ వేశాను. వెనక నుంచి కాబట్టి వేయగలిగాను.

నవంబర్ 12, బుధవారం

పొద్దున్నే జంపక్క వచ్చింది. మా దొడ్లె రాయేసింది మీరేనా సారూ, మేకకు పన్ను గూడ దిగలే, కిందున్న పల్లీ ఒక్కటే పీక్కతిన్నది, అని పడీపడీ నవ్వింది. గోరి అక్కడే ఉంది. నవ్వలేదు.

జంపక్క పోయాక, మరి అక్కనెందుకు తిట్టినవ్ అని అడిగింది.

జావీద్ బేకరీ సంగతి చెప్పాను. తప్పు నాదే అన్నాను. అక్కకు సారీ చెప్పమంది. చెప్పాను. లిఖిత చెప్పులు వేసుకుంటోంది. తల ఎత్తకుండానే, పాలు సల్లార్చాలె నాన్నా, గంతే, అంది.

నవంబర్ 16, ఆదివారం

పొంగింది.

పల్లీ నా ముక్కలో వచ్చింది. నమలకుండా మింగబోయాను. లిఖిత చూసింది. కవిత దిండు తెచ్చి నా మంచం మీద పెట్టి పోయింది.