గురువారం పిల్లకు ఎంత చెప్పాలి

జూలై 3, గురువారం
మార్కాపురం ఆసుపత్రి. కౌన్సెలింగ్ గది. డాక్టరు కాదట, మాట్లాడించే పిల్లట — షబానా. మనవరాలి వయసు.
"ఏం బాధ అవ్వా?"
ఆదివారం చర్చిలో, సంఘం ముందు లేచినట్టే లేచి నిలబడి చెప్పాను. పలకల గనిలో నా కొడుకు పోయినాడు, తిండి లేదు, నిద్ర లేదు, ప్రభువు నన్ను నిలబెట్టినాడు, ఇప్పుడు బాగుండా, స్తోత్రం.
"ధైర్యం ఎక్కువవ్వా నీకు. నిద్రమాత్ర రాయిస్తా. మళ్ళీ రానక్కర్లేదు."
ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు.

జూలై 4
మాత్ర మింగలేదు. కూర్చోలేను, నిలవలేను. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను. పోయినవాడి పెళ్ళాం, నా కోడలు మరియమ్మ చేత ఇదంతా రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. నా కేసు మాత్రం నేనే చెప్పుకుంటాను.

జూలై 6, ఆదివారం
సంఘంలో ఎవరో ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతుంటే తట్టింది. మాలో సాక్ష్యమంటే చివరికి బాగైపోవాలి. బాగుకాని సాక్ష్యానికి ఎవరూ లేవరు. ఆ పిల్లకు నేను చెప్పింది బాధ కాదు... సాక్ష్యం. సాయిబుల పిల్ల, ఆమెకేం తెలుసు!

జూలై 10, గురువారం
మళ్ళీ పోయాను.
"రావద్దంటివి. వచ్చినా. ఆ పొద్దు చెప్పింది సంఘానికి చెప్పేది. నీకు చెప్పేది వేరే ఉంది."
పెన్ను తీసింది.
"పోలీసోళ్ళ మాదిరి ఏంది ఆ రాత?"
పెన్ను పక్కన పెట్టేసింది. "నాకు నువ్వంటే భయం అవ్వా. మా నాని, అదే మా అమ్మమ్మ, ఇట్లనే అరుస్తాది. బాగుండానంటివి, ఎదురడగలేక నమ్మేసినా."
"మీ నాని మంచిదే."
ఇద్దరికీ నవ్వు. అన్నం మన్నులా ఉందని చెప్పాను. గని లారీ చప్పుడైతే వాకిట్లోకి ఉరుకుతానని చెప్పాను. మాత్ర ఒక్కటే చాలదు, వారం వారం వచ్చి కూర్చో అంది.
ఒకటి మాత్రం చెప్పలేదు.

జూలై 11
అది ఇక్కడ చెబుతున్నాను. పొద్దున పొయ్యి దగ్గర ఉంటే వెనక నుంచి పోయిన నా కొడుకు యేసుదాసు — "అమా, అన్నం." వాడి గొంతే.
మరియమ్మ రాయడం ఆపింది. "నన్ను పిలవడా అత్తా?"
అదీ రాయి అన్నాను.

జూలై 13
"ఆ పిల్లకు చెప్పమాకు అత్తా. పిచ్చి అంటారు. పెద్ద మాత్రలు ఇస్తారు, మత్తులో పడుంటావు."
పిచ్చిదన్న పేరుకు నేను భయపడను. మాత్రకు ఆ పిలుపు ఆగిపోతే?

జూలై 16
వాన లేదు. కంది విత్తనాలు సంచిలోనే. వీధి ఈ చివరకూ ఆ చివరకూ తిరుగుతున్నాను. చెప్పాలా... వద్దా...

జూలై 17, గురువారం
చెప్పాను.
నిజంగా వినపడుతుందా అని అడగలేదు. "ఏమంటాడవ్వా?" అంది.
"అన్నమంటాడు."
"నువ్వేం చేస్తావు?"
"ఒకసారి పెట్టినా."
తల దించుకుంది. "డాక్టరుకు చెప్పాల్నవ్వా. దాస్తే నా తప్పయితాది. నేనేమనుకుంటున్నానో అదీ చెప్తా."
"ఏమనుకుంటున్నావు?"
నా చేయి పట్టుకుని వదిలి, ముందు తనే డాక్టరు గదిలోకి పోయింది.
తోడొచ్చిన మరియమ్మ చేత బెంచీ మీద కూర్చునే రాయిస్తున్నాను. తలుపు మూసి ఉంది. నన్ను బిడ్డ పోయిన దుఃఖంలో ఉన్న తల్లి అంటుందో, పిచ్చిది, లేని గొంతు వింటోంది అంటుందో. పిల్ల గొంతు పెరిగింది. డాక్టరుతో వాదిస్తోందా? ఒప్పుకుంటోందా?
రాసింది చాల్లే మరియమ్మా. పోయి ఆ తలుపుకు చెవి పెట్టు.